కాగితం గొణిగిన రోజు

అట్లా రాయకు తల్లీ. “బల్ల పాడైపోయింది” అని పైకి అనుకుంటూ రాశావు కదూ? కొట్టెయ్యి. బల్ల దానంతట అది పాడవదు. నలభై ఏళ్ళు చెక్కకి పాలిష్ వేసినవాణ్ణి, ఆమాత్రం నాకు తెలుసు.

వారం వారం నేను నా సంగతులు చెప్తుంటే రాసిపెట్టే మనవరాలివి, నర్సువి కూడా, నీ చెయ్యి గబగబా పరిగెడుతుంది. నేనంత వేగంగా చెప్పలేను. ఒక్కో మాటా వెతుక్కోవాలి. అందులోనూ ఈ వారం చెప్పబోయేది నోట్లోంచి ఊడిపడే మాట కాదు.

పోయిన వారం ఎక్కడ ఆపాం? టీచరమ్మ మన గేటు దగ్గర బండి ఆపించి, ఆ ఆకుపచ్చ రంగు బల్లని కిందికి దింపించిన దగ్గర. అవును. అక్కడినుంచి ఎత్తుకో.

పాత సామాన్ల కొట్లో కొన్నదట. రాసుకునే బల్ల, రెండు సొరుగులు. మంచి టేకు చెక్క మీద ఎవరో మహానుభావుడు ఇంత మందాన ఆకుపచ్చ పెయింటు పులిమాడు. ఆ రంగంతా గీకించి, మళ్ళీ చెక్క చెక్కలా కనబడేలా లక్క పాలిష్ వేయించుకోవాలని ఆవిడ కోరిక. రిటైరైపోయింది కదా, ఇంట్లో కూర్చుని ఏదో రాసుకుంటుందట.

నేను ముందుకెళ్ళి బల్ల మీద చెయ్యి వేశాను. టీచరమ్మ నా వైపు చూడలేదు. నా వెనకాల గడపలో నిలబడ్డ మీ నానమ్మ వైపు చూసింది.

“ఇది ఆవిడ చెయ్యాలి. మీరు పక్కన ఉండండి మేస్త్రిగారూ, చాలు” అంది.

పక్కన ఉండండి, చాలు.

ఎందుకలా అందో నీకు తెలుసు. ఆవిడ బడిలో ముప్ఫై ఏళ్ళు కూర్చున్న కుర్చీ ఉంది చూడు, దాని పాలిష్ నాదేనని నేను కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాను. తీరా చూస్తే, నాకు టైఫాయిడ్ వచ్చి మంచాన పడ్డ నెలలో దాన్ని చేసింది మీ నానమ్మట. జ్వరం తగ్గి లేచాక ఆ కుర్చీ తళతళలాడుతూ కనబడితే, ఒళ్ళు తెలియకుండానే నేనే చేసేసి ఉంటాననుకున్నాను. అంత నమ్మకం నా మీద నాకు.

టీచరమ్మ అటు వెళ్ళిందో లేదో, నేను అందుకున్నాను.

“ముప్ఫై ఏళ్ళు కడుపులో దాచుకుని ఇప్పుడు బయటపెట్టావా?”

“దాచుకోడానికి అదేమన్నా నగా? ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఆవిడ అడిగింది, చెప్పా.”

“నేను నా పనేనని ఊరంతా చెప్పుకుంటుంటే వింటూ కూర్చున్నావు.”

“అలా చెప్పుకుంటుంటే ముద్దొచ్చేవాడివి. అందుకని ఊరుకున్నా.”

మీ నాన్న అక్కడే వ్యాను తుడుచుకుంటున్నాడు. పగలబడి నవ్వాడు. వాడు నవ్వకపోతే నేను ఆ తర్వాతి మాట అనేవాణ్ణి కానేమో. అనేవాణ్ణేలే. కుళ్ళు కడుపులో అప్పటికే లేచి కూర్చుంది.

“నా దగ్గర పని నేర్చుకుని నా మీదికే వచ్చావు” అన్నాను.

“నీ మీదికి రాలేదయ్యా. బల్ల దగ్గరికి వచ్చా.”

“ఆ బల్ల ముట్టుకుంటే ఇక నాతో మాట్లాడకు.”

మీ నానమ్మ నన్ను ఒకసారి ఎగాదిగా చూసింది. తర్వాత లోపలికెళ్ళి, గీకడానికి వాడే అద్దం పెంకు తెచ్చుకుంది.

“మంచిది” అంది.

అంతే. ఐదు రోజులు నాతో మాట్లాడలేదు.

*

మాట్లాడలేదంటే, నాతో సూటిగా మాట్లాడలేదు. మధ్యలో మీ అమ్మ నలిగిపోయింది.

“అమ్మాయ్, స్పిరిట్ సీసా ఎక్కడ పెట్టాడో మీ మావయ్యని అడుగు.”

“అమ్మాయ్, మేస్త్రిగారైన వాళ్ళు వాళ్ళ సీసాలు వాళ్ళే వెతుక్కోవాలని మీ అత్తతో చెప్పు.”

“మీరిద్దరూ నాకో టెలిఫోను కొనిపెట్టండి మావయ్యా, అదే పనిగా ఇటొకటి అటొకటి చెప్పుకుంటూ కూర్చుంటాను. వంట మీరు చేసుకోండి” అంది మీ అమ్మ.

నేను వరండాలో ఈ మూల కుర్చీలో. ఆ మూల బల్ల, బల్ల దగ్గర మీ నానమ్మ. నేను పక్కనే ఉన్నాను కదా మరి. టీచరమ్మ ఉండమన్నట్టే.

రంగు గీకడం చూశాను. మా పనిలో గీకడం, గరుకు కాగితంతో రుద్దడం ఎప్పుడూ ఆమెవే. ఆఖరి పాలిష్ నాది. పెళ్ళైన ఏడాది నుంచి అదే లెక్క. ఆమె రుద్ది రుద్ది నాకు వదిలేది, నేను గుడ్డ పట్టుకుని వచ్చి నాలుగు పూతలు వేసేవాణ్ణి. కొన్నవాళ్ళు నన్ను మెచ్చుకునేవాళ్ళు. ఆమె అప్పటికి గోళ్ళల్లో రంగు తీసుకుంటూ పెరట్లో ఉండేది. ఇది నాకు తప్పుగా ఎప్పుడూ తోచలేదు. రాశావా? ఎప్పుడూ తోచలేదు.

రెండో రోజుకి ఆకుపచ్చ పోయి టేకు బయటపడింది. పైచెక్క మీద ఒక చోట సిరా మచ్చ. ఎవరిదో సిరాబుడ్డి ఒలికినట్టుంది, అరచేయంత. అలాంటి మచ్చ తీసే మందు నా దగ్గరుంది, నాకు తప్ప ఎవరికీ కలపడం రాదు. అడుగుతుందిలే అని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

అడగలేదు. ఆ మచ్చని వేలితో తడిమి, మీ అమ్మతో అంది, “రాసుకునే బల్ల కదే. సిరా మచ్చ ఉంటే అందమేగా. ఉంచేద్దాం.”

ఆ మాట నాకు తట్టేది కాదు తల్లీ. వందల మచ్చలు తీశాను, ఒక్కదాన్నీ ఉంచాలని తట్టలేదు. అప్పుడు మండింది చూడు కడుపు. పని బాగా చేస్తుందని కాదు. ఆమెకి తట్టింది, నాకు తట్టలేదు, అందుకు.

మూడో రోజు ఎదురు కొట్టు టైలర్ మెళ్ళో టేపు వేలాడేసుకుని రోడ్డు దాటి వచ్చాడు. బల్ల చుట్టూ తిరిగాడు.

“అబ్బో, ఏం నునుపు! ఇంతకాలం ఎక్కడ దాక్కున్నావు మేస్త్రమ్మా?”

మేస్త్రమ్మ! నేను నలభై ఏళ్ళు ఒళ్ళరగదీసుకుంటే మేస్త్రినయ్యాను. ఆమె మూడు రోజుల్లో మేస్త్రమ్మ అయిపోయింది.

“కొట్టు తెరిచి పెట్టొచ్చావు, ఎవడైనా నీ కత్తెర ఎత్తుకుపోతాడు” అన్నాను నేను.

“పోతే పోనీ అన్నయ్యా. ఇక్కడి పని చూస్తుంటే నాకూ ఈ పనే నేర్చుకోవాలనిపిస్తోంది. మేస్త్రమ్మా, శిష్యుడిగా చేర్చుకుంటావా?”

“ముందు మీ ఆవిడ జాకెట్లు టైముకి కుట్టివ్వు, తర్వాత చూద్దాం” అంది మీ నానమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆమె ఆ నవ్వు నాకు తెలుసు. పెళ్ళైన కొత్తలో నేనేమన్నా అంటే అలా నవ్వేది. తర్వాత నేను అనడం మానేశానో, ఆమె నవ్వడం మానేసిందో, గుర్తులేదు.

నాలుగో రోజుకి మూడు పూతలు పడ్డాయి. లక్క రేకులు స్పిరిట్‌లో నానబెట్టి, దూదిని గుడ్డలో చుట్టి ఉండ చేసి, దాంతో గుండ్రంగా తిప్పుతూ వేస్తారని నీకు తెలుసుగా. నా చెయ్యి బలంగా తిరుగుతుంది. ఆమె చెయ్యి ఎలా తిరుగుతుందో అప్పటిదాకా నేను సరిగ్గా చూడలేదు. నిద్రపోతున్న పసిబిడ్డ వీపు నిమిరినట్టు తిరుగుతుంది. చెక్కకి తెలియకుండా పాలిష్ ఎక్కిస్తుంది.

భోజనాల దగ్గర మీ నాన్న ఊరుకోలేకపోయాడు.

“నాన్నా, అమ్మ చెయ్యి నీకన్నా బాగుందని అందరూ అంటున్నారు.”

“అందరూ అంటే ఎవరు? ఆ టైలరా? వాడు కుట్టిన చొక్కా వేసుకుంటే రెండు చేతులూ ఒకే వైపు వస్తాయి.”

“నీకు కుళ్ళుగా ఉంది నాన్నా” అన్నాడు నవ్వుతూ.

మీ నానమ్మ కంచంలోంచి తల ఎత్తకుండా అంది, “ఆయన్ని ఏమీ అనకురా. ఆయన లేకపోతే నాకు గుడ్డ పట్టుకోవడం కూడా వచ్చేది కాదు.”

నన్ను వెనకేసుకొచ్చింది. అదింకా మండింది.

*

ఇప్పుడు అసలు సంగతి. నీళ్ళియ్యి కొంచెం.

మా పనిలో ఒక కట్టడి ఉంది. గాలిలో తడి ఉన్న రోజు లక్క పాలిష్ ఆఖరి పూత వెయ్యకూడదు. వేస్తే ఆరేలోపల తడి పట్టి, తెల్లగా పొగ పేరుకున్నట్టు అయిపోతుంది. వాన పడుతుంటే ఎవడికైనా తెలుస్తుంది. వాన లేకుండా ఉక్కగా, ఎండ కూడా కాస్తూ ఉండే రోజులుంటాయి చూడు, అవి మోసం చేస్తాయి. అప్పుడు నేను పాత పేపరు ముక్క చెవి దగ్గర పెట్టుకుని నలుపుతాను. పొడి గాలిలో కాగితం పెళపెళలాడుతుంది. తడి గాలిలో గొణుగుతుంది, మెత్తగా, గుడ్డపేలిక నలిపినట్టు. అందరూ పేపరు చదువుతారు, మీ తాత పేపరు వింటాడని నా మీద జోకులేసేవాళ్ళు.

పూత వేసేది నేనైనా, సీసా, గుడ్డ సిద్ధం చేసేది మీ నానమ్మే కాబట్టి, ఆఖరి పూతకి ముందు ప్రతిసారీ వచ్చి అడిగేది. “వెయ్యొచ్చా?” అని. నేను కాగితం విని, వెయ్యొచ్చు అనో, ఇవాళొద్దు అనో చెప్పేవాణ్ణి. నలభై ఏళ్ళలో ఒక్కసారి తప్పు చెప్పలేదు. నేను వద్దంటే, కొన్నవాళ్ళు వచ్చి గేటు దగ్గర అరుస్తున్నా ఆమె సీసా మూత తీసేది కాదు.

ఐదో రోజు పొద్దున, నేను వరండాలో కూర్చుని ఉన్నాను. ఎండ వచ్చింది. కానీ మెడ దగ్గర చొక్కా అంటుకుపోతోంది. ఎందుకో అలవాటుగా పేపరు ముక్క తీసి నలిపాను.

గొణిగింది.

అంతలో మీ నానమ్మ టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. మీ అమ్మతో పంపలేదు. తనే తెచ్చి నా చేతికిచ్చి, నా ఎదురుగా నిలబడింది. ఐదు రోజుల తర్వాత సూటిగా నా మొహంలోకి చూసింది.

“ఇవాళ ఆఖరి పూత. వెయ్యొచ్చా?”

ఇక ఈ అలక చాలయ్యా అన్నట్టు అడిగింది. నేను ముట్టుకోవద్దన్న బల్ల తాను ముట్టుకుంది కదా, అయినా నా మాట లేకుండా ఆఖరి పూత వెయ్యదు. అది నాకిచ్చిన మర్యాద. నాకు అర్థం కాలేదనుకోకు. బాగా అర్థమైంది.

“ఇవాళొద్దు, రేపు చూద్దాం” అనే మాట నాలుక మీద ఉంది.

రోడ్డవతలి నుంచి టైలర్ కేకేశాడు, “మేస్త్రమ్మా! ఇవాళ్టితో పూర్తేనా? టీచరమ్మ కూడా వస్తుందటగా! నేనొచ్చేదాకా మొదలుపెట్టకు!”

ఆమె అటు తిరిగి నవ్వింది. చెయ్యి ఊపింది. మళ్ళీ నా వైపు తిరిగేటప్పటికి ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉంది. నా కోసం వచ్చిన నవ్వు కాదది.

“వెయ్యొచ్చు” అన్నాను.

ఎందుకాపావు?

రాయి తల్లీ. అలా చూడకు.

“తాతా, నువ్వు తెలిసే చెప్పావా?” అని అడుగుతున్నావా? తెలిసే చెప్పాను. కాగితం ఇంకా నా గుప్పిట్లోనే ఉంది. గొణిగిందని తెలుసు, తెల్లబడుతుందని తెలుసు, ఆమె నమ్ముతుందని తెలుసు. అన్నీ తెలిసే అన్నాను. ఆ మాటలన్నీ అలాగే రాయి. నీకు నా మీద కోపం వస్తే రాయడం అయ్యాక తెచ్చుకో.

ఆమె కిటికీ గూట్లో ఉన్న పాత పేపర్ల వైపు చూసింది. తర్వాత తల ఊపి, “సరే” అని వెళ్ళింది.

*

గంటన్నర పట్టింది. అంత ఓపిగ్గా ఎవరూ వెయ్యరు. వేస్తున్నంతసేపూ నేను చూస్తూ కూర్చున్నాను, టీ చల్లారిపోయింది.

ముందు ఒక మూల తెల్లబడింది. అద్దం మీద ఊపిరి వదిలితే పడుతుందే మసక, అలాగ. ఆమె గుడ్డతో తుడవబోయింది, పోలేదు. తర్వాత నడిమధ్య. తర్వాత ఆ సిరా మచ్చ పైన. మధ్యాహ్నానికి బల్ల మొత్తం పాలు ఒలికినట్టు తయారైంది.

వాన పడలేదు. పడితే బాగుండేది, నా అబద్ధం అందరికీ తెలిసిపోయేది.

నాలుగింటికి టీచరమ్మ వచ్చింది. టైలర్ వచ్చాడు. మీ నాన్న పని నుంచి వచ్చాడు. మీ అమ్మ గడపలో. అందరూ బల్ల చుట్టూ నిలబడ్డారు.  టైలర్ మెళ్ళో టేపు తీసి చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

టీచరమ్మే అంది మెల్లిగా, “గాలి తేమగా ఉందా ఇవాళ? దానివల్ల ఇలా అవుతుందని విన్నాను.”

అలా అని నా వైపు తిరిగింది. గాలి సంగతి చెప్పాల్సింది నేనే కదా. అందరూ నా వైపే చూశారు. మీ నానమ్మ కూడా.

చూడు తల్లీ, అప్పటికి కూడా ఆలస్యం కాలేదు. “నేను తప్పు చెప్పాను టీచరమ్మా, ముసలి చెవులు” అంటే సరిపోయేది. అది కూడా అబద్ధమే, కానీ ఆమె బయటపడేది.

“గాలి బాగానే ఉంది టీచరమ్మా. చెయ్యి కుదరలేదు” అన్నాను.

“అమ్మకీ వయసైపోతోంది కదండీ” అన్నాడు మీ నాన్న. వాడు ప్రేమగానే అన్నాడు. కాని ఆ మాటకి ఆమె తన చేతుల వైపు చూసుకుంది. రెండూ తిప్పి చూసుకుంది, ముందూ వెనకా.

“నా చెయ్యే తప్పింది టీచరమ్మా. ఏమీ అనుకోకండి” అంది.

“అయ్యో, దానికేముంది. ఈ సోమవారం కాక పై సోమవారం మనిషిని పంపి మిషన్ షాపుకి పట్టించుకెళ్తాను. వాళ్ళు ఏదో స్ప్రే కొడతారట. మీరు బాధపడకండమ్మా” అని టీచరమ్మ వెళ్ళిపోయింది. టైలర్ తల వంచుకుని తన కొట్లోకి వెళ్ళిపోయాడు. మేస్త్రమ్మా అనలేదు.

నాకు సంతోషం వేసింది. ఎంతసేపు వేసిందంటే, ఆమె గుడ్డ ఉతికి తీగ మీద ఆరేసేంతసేపు.

*

తర్వాత వంటింట్లో నేను నీళ్ళు తాగుతున్నాను. ఆమె వచ్చి తలుపు దగ్గర నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచితే నాకు తేలికయ్యేది.

“ఒక మాట అడుగుతా. పొద్దున నీకు టీ తెచ్చే ముందు నేనూ పేపరు నలిపా.”

గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

“ఇన్నేళ్ళు నిన్ను చూస్తున్నా కదయ్యా, నాకూ వస్తుంది వినడం. గొణిగినట్టే అనిపించింది. అయినా నిన్ను అడిగా. నువ్వు వెయ్యొచ్చన్నావు. నా చెవులు పోయాయేమోలే, ఆయనకన్నా నాకెక్కువ తెలుసా అనుకున్నా. వేశా.”

నేను గ్లాసు దించలేదు.

“గాలి బాగానే ఉందని ఇందాక అంతమందిలో అన్నావు. ఇప్పుడిక్కడ ఎవరూ లేరు. నువ్వూ నేనే. చెప్పు. నా చెవులు పోయాయా?”

పెరట్లో కుళాయి కారుతోంది. ఒక్కో చుక్కా బకెట్లో పడుతోంది.  నేను ఖాళీ గ్లాసులోంచి తాగుతూనే ఉన్నాను.

“సరే” అంది.

పొద్దున అన్న సరే కాదది.

మర్నాడు సంచి సర్దుకుని మీ అత్త ఇంటికి వెళ్ళింది. మీ నాన్న వ్యానులో దించుతానంటే వద్దంది, బస్సు ఎక్కింది. నాతో ఒకే మాట చెప్పింది, “మాత్రలు కిటికీలో పెట్టా.” 

*

వారమైంది. అక్కడ మీ నానమ్మ ఉప్పు డబ్బా కూడా చేత్తో అందివ్వట్లేదట. మీ అత్త నిన్న ఫోన్ చేసింది. ఏమందో నువ్వూ విన్నావుగా, స్పీకర్ పెట్టావు.

“నాన్నా, అమ్మ ఏ పనీ ముట్టుకోవట్లేదు. మా తలుపుకి కాస్త పాలిష్ రుద్దమంటే చేతులు వెనక్కి పెట్టుకుంది. ఏమైందమ్మా అంటే, ‘నా చెయ్యి పోయిందో, నా మనిషి పోయాడో తెలియట్లేదే. రెంట్లో ఏదో ఒకటి పోయింది. ఏదని అడగడానికి భయంగా ఉంది’ అంది. ఏంటి నాన్నా ఆ మాటలు?”

నేను ఫోన్ నీకిచ్చేశాను.

అప్పటినుంచి అదే ఆలోచన. నేను నోరు మూసుకుంటే, చెయ్యి పోయిందని మెల్లిగా నమ్మేస్తుంది. నెలకో రెండు నెలలకో తిరిగి వస్తుంది. మళ్ళీ గరుకు కాగితం పట్టుకుని రుద్దుతుంది, ఆఖరి పూతకి నన్ను పిలుస్తుంది. అంతా పూర్వంలా ఉంటుంది. మనిషి మిగులుతాడు ఆమెకి. చెయ్యి పోతుంది.

నిజం చెప్తే చెయ్యి తిరిగొస్తుంది. మనిషి పోతాడు.

రెండూ మిగిలే దారి కోసం వెతికాను. లేదు. ఉంటే నీ దాకా వచ్చేవాణ్ణి కాదు.

ఇంకొకటి కూడా రాయి. మొన్న ఎవరూ లేనప్పుడు బల్ల దగ్గరికెళ్ళాను. గాలి పొడిగా ఉంది. గుడ్డకి కాస్త స్పిరిట్ అద్ది, ఒక మూల, బొటనవేలంత మేర, రుద్దాను. ఆ తెలుపు తీయడం వచ్చినవాడికి పెద్ద పని కాదు. రెండుసార్లు చెయ్యి తిప్పగానే పోయింది. కింద ఆమె పాలిష్ చెక్కుచెదరలేదు. లోతుగా, నిలకడగా, చెక్క లోపల దీపం పెట్టినట్టుంది. నా నలభై ఏళ్ళలో అలాంటిది ఒక్కటి రాలేదు.

“మరి మిగతాది కూడా నువ్వే తీసెయ్యచ్చుగా తాతా?” అంటావు. తీసెయ్యచ్చు. అరగంట పని. తీసేస్తే టీచరమ్మ వస్తుంది, టైలర్ వస్తాడు, ముసలాడి చేతిలో మహత్తు ఉంది, ఆవిడ పాడుచేసింది ఆయన బాగుచేశాడు అంటారు. నేను గుడ్డ పట్టుకుని నిలబడి, ఆ మాటలన్నీ ముందుగానే వినేశాను తల్లీ. విని లోపల పొంగిపోయాను. అప్పుడు నా మీద నాకే భయమేసింది. గుడ్డ అక్కడే పడేసి వచ్చేశాను.

ఇప్పటికీ మంట పోలేదు. పోయిందని రాయకు. ఆ బొటనవేలంత చోటు చూసినప్పుడల్లా, ఇది నా చేత రాలేదే అనిపిస్తుంది. ఆమె మీద ప్రేమ లేక కాదు. ప్రేమ దాని చోట అది ఉంది, ఇది దీని చోట ఇది ఉంది. రెండూ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాయి, మేమిద్దరం ఆ ఐదు రోజులు చేసినట్టు.

సోమవారం టీచరమ్మ మనిషి వచ్చి బల్ల పట్టుకుపోతాడు. స్ప్రే కొట్టేముందు వాళ్ళు మిషనుతో మొత్తం అరగదీసేస్తారు. ఆమె వేసిన పాలిష్ పొడై ఎగిరిపోతుంది. ఇవాళ శనివారం.

అందుకని రేపు పొద్దున బస్సుకి నువ్వు మీ అత్త ఇంటికి వెళ్ళు. డ్యూటీ మార్చుకో, ఎవరినైనా బతిమాలుకో. మీ నానమ్మకి చదవడం రాదు, నువ్వే చదివి వినిపించు. ఫోన్లో కాదు, పక్కన కూర్చుని.

ఒంటరిగా ఉన్నప్పుడు చదువు... కాదు. ఆగు. అలా వద్దు. నేను అంతమంది ముందు అన్నాను కదా, ఆమె ఒక్కతే వింటే సరిపోదు. మీ అత్తని పిలువు, మీ మావయ్యని పిలువు, పిల్లల్ని కూడా కూర్చోబెట్టు. పక్కింటివాళ్ళు తొంగి చూస్తే రానియ్యి. నువ్వు బయల్దేరే ముందు టైలర్ కొట్టు దగ్గరా, టీచరమ్మ ఇంట్లోనూ నేనే వెళ్ళి నోటితో చెప్తాను. ఆమె ముందు నిలబడి చెప్పే ధైర్యం మాత్రం లేదు, అందుకే నీ గొంతు అరువు అడుగుతున్నాను.

గట్టిగా చదువు. “వెయ్యొచ్చు” అన్న చోట గొంతు తగ్గించకు. నా మీద జాలితో ఏ మాటా మింగకు.

చదవడం అయ్యాక ఆమె ఏమీ అనకపోతే, అడగకు. లేచి వచ్చెయ్యి. ఏమన్నా అంటే మాత్రం, ఎంత తిట్టయినా సరే, ఒక్క ముక్క వదలకుండా రాసుకుని రా. నాకూ చదవడం రాదు, నువ్వే చదివి వినిపించాలి.